పత్తి చేనులో లేని పిల్లలు

సెల్‌ఫోన్లకు ఇంకా కళ్లు రాని కాలం అది. భుజాన వీడియో కెమెరా ఉన్నవాడు ఏ ఊళ్లో బస్సు దిగినా కొత్తల్లుడికి జరిగే మర్యాదలే జరిగేవి. ముందు చెంబుతో మంచినీళ్లు, తర్వాత చాయ్, ఆ తర్వాత మెల్లగా "మమ్మల్ని గూడ జర తియ్యరాదు తమ్మీ" అన్న విన్నపం. ఇప్పుడు ఏ సభలోనైనా నన్ను పరిచయం చేసేవాళ్లు "సామాజిక బాధ్యత గల సంస్థల కథలను తెరకెక్కించే దర్శకులు" అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ పెద్దమనిషి ఎవరా అని నేనూ అందరితోపాటు అటూ ఇటూ చూస్తాను. ఎందుకంటే నేను ఈ పనిలోకి వచ్చిన దారి నాకు తెలుసు. డిగ్రీ రెండుసార్లు తప్పి (మొదటిసారి ఇంగ్లిషులో, రెండోసారి కూడా ఇంగ్లిషులోనే) వనపర్తిలో మా మేనమామ ఫొటో స్టూడియోలో చేరి పెళ్లి వీడియోలు తీసేవాణ్ని. అందరూ పెళ్లి బాగా తీస్తే, నేను అప్పగింతలు బాగా తీసేవాణ్ని. పెళ్లికూతురు ఏడవకపోతే కెమెరా వెనక నుంచి "అక్కా, రేపు పొద్దుగాల నీకు చాయ్ ఎవరిస్తరు, జర యాదిజేసుకో" అని మెల్లగా అనేవాణ్ని. అంతే, కన్నీళ్లు కట్ట తెగేవి. ఆ పుణ్యాన మా చుట్టుపక్కల నా పేరు మరుగున పడి "అప్పగింతల పిల్లగాడు" అన్నది స్థిరపడింది.

పెబ్బేరులో జరిగిన ఒక పెళ్లి క్యాసెట్టు చూసి, హైదరాబాద్ నుంచి ఒకాయన మా స్టూడియో వెతుక్కుంటూ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో మూడు పెన్నులతో ఉండే ఆయన ఒక విత్తనాల కంపెనీలో అధికారి. "ఆ పెళ్లికూతురు నాకు దూరపు బంధువు కూడా కాదు. అయినా అప్పగింతలు చూసి ఏడ్చాను. మా కంపెనీకి ఒక సినిమా తీసిపెట్టాలి" అన్నాడు. నాకన్నా ముందు మామ అందుకున్నాడు. "మావోడు రాయిని గూడ ఏడిపిస్తడు సార్." కంపెనీ సారు చెయ్యి అడ్డంగా ఊపాడు. "వద్దండీ. ఎవరినీ ఏడిపించొద్దు. నిజం చూపిస్తే చాలు." మామ ఏమాత్రం తగ్గలేదు. "గట్లయితే నిజంగనే ఏడిపిస్తడు సార్."

ఆయన చెప్పిన సంగతి ఇది. గద్వాల, మల్దకల్ వైపు చేలలో పండేది మామూలు పత్తి కాదు, సీడు పత్తి. అంటే, దూది కోసం కాదు, విత్తనం కోసం వేసే పంట. సాయంత్రం పూట ఒక్కొక్క మొగ్గనూ గోటితో వలిచి, తెల్లారి దానికి ఇంకో రకం పువ్వు పుప్పొడి రుద్దాలి. దాన్నే అక్కడ క్రాసింగు అంటారు. సన్నటి వేళ్లతో చేసే పని కనుక, ఏళ్ల తరబడి బడికి పోవాల్సిన పిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో ఆ పని చేయించేవాళ్లు. ఈ కంపెనీ ఆ ఏడు ఒక నిర్ణయం తీసుకుంది. చేనులో పిల్లల్ని పెట్టని రైతుల దగ్గరే విత్తనం కొంటారు. ఒక్క పిల్ల కనిపించినా ఆ రైతు పేరు మరుసటేడు జాబితాలో ఉండదు. "మా విత్తనంలో పసిచేతులు లేవు" అన్నది వాళ్ల మాట. ఆ మాట పది మందికీ చెప్పే పది నిమిషాల సినిమా నేను తీయాలి. మామ నాకు రెండు కెమెరాలు ఇచ్చాడు. ఒకటి అరచేతిలో ఇమిడే కొత్తది. రెండోది భుజాన మోసే పెద్దది, పనిచేయడం మానేసి రెండేళ్లయింది. "చిన్నదాంతోటి తియ్యి. పెద్దది ఊకె భుజాన పెట్టుకో, ఇజ్జత్ ఉంటది" అన్నాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, గద్వాలలో జీపెక్కి మల్దకల్ దాటాక ఉన్న ఆ ఊరు చేరేసరికి నేనూ కంపెనీ సారూ కెమెరాలూ ఒకే రంగు దుమ్ములో ఉన్నాం. మేం తీయబోయే చేను ఒక ఆడమనిషిది. ఊరంతా ఆమెను సీడు పెద్దమ్మ అనేవాళ్లు. భర్త పోయాక సొంత చేనుకు తోడు ఇంకొంత కౌలుకు పట్టి సీడు పత్తి వేసేది. గట్టి గొంతు, అంతకన్నా గట్టి మాట. ఆమె చేనులో పనిచేసేవాళ్లందరూ పెద్ద ఆడవాళ్లే. ఎందుకలా అని అడిగితే చెప్పింది. "పోయినేడు పక్క చేనుల మందు గొట్టిన తెల్లారే పిల్లల్ని దింపిండ్రు తమ్మీ. ఒక పిల్ల కండ్లు తిరిగి నా గెట్టు మీదనే పడ్డది. ఎత్తుకోని దవాఖానకు ఉరికిన. ఆ దినమే అనుకున్న, ఇగ నా చేనుల పిల్ల అడుగు పడొద్దని. మల్దకల్ తిమ్మప్ప సామి సాక్షి."

ఇంత నికార్సయిన మనిషి దొరికాక సినిమా దానంతట అదే తయారవుతుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చేనులో పెద్దమ్మను నిలబెట్టి, చిన్న కెమెరా కంటికి ఆనించుకుని "చెప్పు పెద్దమ్మా" అన్నాను. "నా చేనుల పిల్లలు లేరు. యాడ జూస్తవో జూసుకో" అని ఆమె చెయ్యి చాచి చూపించింది. చెయ్యి చూపించిన వైపున ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. పని చేయడానికి కాదు, షూటింగు చూడటానికి వచ్చారు. ఊళ్లోకి కెమెరా వచ్చిందని తెలిసి ఆ రోజు ఒక్కడూ బడికి పోలేదు. పెద్దమ్మ "ఏయ్, బడికి పోండ్రి!" అని అరిస్తే గబుక్కున పత్తి చెట్ల చాటుకు కూర్చునేవాళ్లు. నేను బటన్ నొక్కగానే వరుసగా తలలు లేచేవి. కెమెరా కిందికి దించి తీస్తే వాళ్లు చెట్ల మొదళ్ల మధ్య నుంచి బోర్లా పడుకుని చూసేవాళ్లు. పైకెత్తి ఆకాశం తీస్తే గట్టు మీది వేపచెట్టు కొమ్మన ఇద్దరు కూర్చుని కాళ్లు ఊపుతున్నారు. "ఎనుకకు జరుగుండ్రి" అని నేనూ అరిచాను. వాళ్లు బుద్ధిగా వెనక్కి జరిగారు. అంటే చేను లోపలికి. కెమెరాలో నా కంటికి అగ్గిపెట్టెంత బొమ్మే కనిపిస్తుంది కనుక, చాలామందిని తప్పించాననే ధైర్యంతో పని ముగించాను.

సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో టీవీకి వైర్లు కలిపి తీసిందంతా వేశాను. కంపెనీ సారు హైదరాబాద్ నుంచి రాసుకొచ్చిన వ్యాఖ్యానం కాగితం తీసి, బొమ్మకూ మాటకూ సరిపోతుందో లేదో చూద్దామని గొంతు సవరించుకున్నాడు. చదవడం మాత్రం గంభీరంగా చదివేవాడు. "ఇది ఒక ఆదర్శ క్షేత్రం" అన్నాడు. తెర మీద ఆదర్శ క్షేత్రానికి అడ్డంగా ఒక పిల్లవాడు మేకపిల్లను లాక్కుంటూ పోయాడు. సారు ఒకసారి ఆగి మళ్లీ అందుకున్నాడు. "ఇక్కడ ఎటు చూసినా శ్రమించే మహిళలే తప్ప, ఒక్క పసిచెయ్యి కూడా మనకు కనిపించదు." సరిగ్గా ఆ మాట దగ్గర పత్తి చెట్ల నడుమ నుంచి రెండు పసిచేతులు లేచి మాకు టాటా చెప్పాయి. నాకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కంపెనీ సారు మాత్రం కాగితం మడిచి, క్యాసెట్టు వెనక్కి తిప్పించి, వేలితో తెర మీద పొడుస్తూ లెక్కపెట్టాడు. మొత్తం ఇరవై ఏడు మంది. (మేకపిల్ల కాకుండా.)

"వీళ్లు చూడటానికి వచ్చినవాళ్లని నాకూ మీకూ తెలుసు. హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?" అన్నాడాయన. గదిలో నవ్వు పోయింది. పెద్దమ్మ కొంగు దించి, "అంటే నా పేరు కొట్టేస్తరా సార్?" అని అడిగింది. ఆయన జేబులో పెన్నులు సర్దుకున్నాడు. అంతదాకా నాకు అదొక కొత్త రకం పెళ్లి మాత్రమే. ఇప్పుడు నేను తీసిన బొమ్మే ఆ మనిషి బతుకు చెడగొట్టేలా ఉంది. ఒక్క పిల్లనూ రానివ్వని మనిషి చేనులోకి ఊరి పిల్లలందరినీ తోలుకొచ్చింది నా కెమెరాయే కదా.

తెల్లారేసరికి ఇంకో ఆపద సైకిలు మీద వచ్చింది. ఆయన ఊరి బడి హెడ్‌మాస్టరు. పిల్లలు పెద్దసారు అంటారు, పేరు చెప్పడానికి కూడా భయపడతారు. బెత్తం సైకిలు హ్యాండిల్‌కే కట్టి ఉంది. "సినిమా దేనిమీద తీస్తున్నవయ్యా?" అని అడిగాడు. "పిల్లలు బడికి పోవాలని సార్" అన్నాను. "మంచిగుంది. నిన్న బడిల నేనూ గంటా ఇద్దరమే ఉంటిమి" అన్నాడు. అప్పుడే నా బుర్రలో ఏదో వెలిగింది. ఇవాళ షూటింగు బడిలోనే అని గొంతు పెంచి చెప్పాను, గోడ పక్కన చెవులు రిక్కించుకుని నిలబడ్డ పిల్లలకు వినపడేలా. మామ ఇచ్చిన పెద్ద కెమెరాను మోసుకెళ్లి తరగతి గది కిటికీ దగ్గర స్టాండు మీద నిలబెట్టాను. "ఇది కొత్త రకం సార్, దానంతట అదే తీస్తది. ఎవ్వరు ముట్టొద్దు" అన్నాను. చచ్చిన కెమెరా అని ఆయనకు చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఆయన చొక్కా కాలరు సవరించుకుని, చాలా మెల్లగా, "నేను గూడ పడతనా?" అని అడిగాడు. "మీరే ముఖ్యం సార్" అనేశాను. (పెళ్లిళ్లలో ఆడపడుచు భర్తకు చెప్పే మాట అది. అలవాటు కొద్దీ వచ్చేసింది.)

ఆ రోజు పత్తి చేనులో పిట్ట కూడా అడ్డం రాలేదు. ఆడవాళ్లు వరుసలుగా సాగుతుంటే, పుప్పొడి అంటిన వాళ్ల వేళ్లు తీశాను, వాళ్ల పరాచికాలు తీశాను, పెద్దమ్మ తిట్లు తీశాను. కంపెనీ సారు మొదటిసారి నా భుజం తట్టాడు. మధ్యాహ్నం పెద్దసారే చేను దాకా వచ్చాడు. పొద్దున వేసుకున్న చొక్కా కాదు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. "తమ్మీ, బడి నిండింది. పిల్లలు గూసోనీకి జాగ లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. తలలకు నూనెలు, ముఖాలకు పౌడర్లు. పెద్దసారు ఎక్కాలను పాటగా పాడిస్తున్నాడు. మధ్యలో చేతులు తిప్పుతూ ఒక అడుగు కూడా వేశాడు. బెత్తం ఎక్కడా కనిపించలేదు.

తలుపు పక్కన పదకొండేళ్ల పిల్ల ఒకతి పలక పట్టుకుని కూర్చుంది. మిగతావాళ్లు సారు వైపు చూస్తుంటే ఆమె మాత్రం కన్నార్పకుండా కెమెరా వైపే చూస్తోంది. వేళ్ల చివర్లు పసుపు పచ్చగా ఉన్నాయి. క్రాసింగు చేసిన చేతులు. "మూడో తరగతిల బంద్ జేసింది. వేరేటోళ్ల సీడు చేనుల కూలికి పోతది. షూటింగని వచ్చింది" అన్నాడు పెద్దసారు నా చెవిలో. అన్నం గంట కొట్టాక ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, దీంట్ల నేను బడిపిల్ల లెక్కనే కనవడతనా?"

"కనవడతవ్."

"మల్ల రేపు నేను పనికి పోయినా, దాంట్ల మటుకు గట్లనే ఉంటనా?"

పెళ్లికూతుళ్లను ఏడిపించడంలో నేను సాధించిన ప్రావీణ్యమంతా ఆ ఒక్క ప్రశ్నతో నా మీదికే తిరిగింది. ఆ పిల్ల పొద్దుటి నుంచి చూస్తున్నది క్యాసెట్టు లేని ఖాళీ డబ్బాను. నేను చేనుకు పరుగెత్తి చిన్న కెమెరా తెచ్చి, మధ్యాహ్నం బడి మొత్తం అక్కడే నిలబడి ఆ పిల్లను తీశాను. పలక మీద తన పేరు మూడుసార్లు రాసి, రెండుసార్లు తుడిచింది. అదీ తీశాను. (పెద్దసారు "పెద్దది ఉండంగ గిదెందుకు?" అని అనుమానంగా చూశాడు. దగ్గరి బొమ్మలకు, అన్నాను.)

మూడో రోజు పొద్దున ఎందుకైనా మంచిదని బడికి తొంగిచూస్తే ముందు బెంచీలోని ఒక పిల్ల సైగ చేసి పిలిచింది. "అన్నా, గా పెద్ద కెమెరాల క్యాసెట్టే లేదు." నేను వంగి గొంతు తగ్గించాను. "నీకెట్ల తెల్సు?" "నిన్ననే తెరిసి చూసినం. అందరికి ఎరుకే." "మరి ఇయ్యాల ఎందుకొచ్చిండ్రు?" ఆ పిల్ల నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూసింది. "కెమెరా ఉంటే పెద్దసారు కొట్టడు. పాటలు గూడ పాడతడు. నువ్వు చెప్పకు." తరగతి తరగతంతా నా వైపు తిరిగి, చెప్పొద్దన్నట్టు తలలు అడ్డంగా ఊపింది.

కానీ ఎన్నాళ్లు దాచగలం? మధ్యాహ్నం పెద్దసారు తానే వచ్చి, "నా పాఠం క్యాసెట్టు ఒకటి ఇచ్చి పో తమ్మీ. మా ఆమెకు చూపిస్త. నేను పాడతనంటె నమ్ముత లేదు" అన్నాడు. ఇక తప్పలేదు. తల వంచుకుని నిజం చెప్పాను. ఆయన సైకిలు మీది బెత్తం వైపు చూశాడు. (నేనూ చూశాను.) చివరికి, "దినానికో చొక్కా ఇస్త్రీ జేసుకున్న గదయ్యా" అన్నాడు, అని తానే పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్న మాట నేను మరచిపోలేదు. "అయితే పనిజెయ్యని కెమెరానే గదా, ఈడ్నే ఉండనియ్యి. పిల్లలు నన్ను గింత దగ్గరికి రానిచ్చి చాన ఏండ్లయింది." పిల్లలకు అసలు సంగతి తెలుసని మాత్రం నేను చెప్పలేదు. మామకు ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చని కెమెరా అక్కడే వదిలేశాను.

సామాను సర్దుకుని పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నామో లేదో, ఆ పసుపు వేళ్ల పిల్లను రెక్క పట్టుకుని వాళ్లమ్మ వచ్చింది. రాళ్లు కొట్టే పనికి పోయే మనిషి, ఎండకు కమిలిన ముఖం. "ఎవరయ్యా షూటింగోడు? రెండు దినాలు పనికి పోలేదని దాని జాగల ఇంకో పిల్లను పెట్టుకున్నరు. నువ్వు సినిమా తీసుకోని పోతవ్. మేమేం తినాలె?" అంది. అడిగినదాంట్లో తప్పేముంది? కంపెనీ సారు కాగితంలో దానికి జవాబు లేదు. జవాబు పెద్దమ్మ దగ్గర ఉంది. "దాని పని పోతే పోనియ్. రేపటి సంది నువ్వు రా నా చేనుకు. పెద్దోళ్లు దొరక్క నేనే తిరుగుతున్న" అంది. ఆ తల్లి తన చేతుల వైపు చూసుకుంది. "నాకు క్రాసింగు రాదు పెద్దమ్మా. కంకర గొట్టిన వేళ్లివి. మొగ్గను వడితె నలుగుతది."

పిల్ల తల్లి చేతిలోంచి రెక్క విడిపించుకుని, "నేను నేర్పిస్త" అంది.

పెద్దమ్మ లేచి చేనుకు పోయి మొగ్గలున్న కొమ్మలు నాలుగు విరిచి తెచ్చింది. (పిల్లను మాత్రం గెట్టు దాటనివ్వలేదు, మాట మాటే.) అరుగు మీదనే తల్లీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. నేను చిన్న కెమెరా తీశాను. కంపెనీ సారు నా చెయ్యి పట్టుకుని, "పిల్ల చేతిలో మొగ్గ ఉంటే మన మాట తప్పవుతుంది కదా" అని గుసగుసలాడాడు. "నిజం చూపియ్యాలని మీరే అంటిరి గదా సార్" అన్నాను. ఆయన చెయ్యి వదిలేశాడు. తల్లి మొదటి మొగ్గ పట్టుకుంది, అది రెండు ముక్కలైంది. రెండోది పిండి పిండి అయింది. మూడోదానికి పిల్ల వెన్ను నిటారు చేసి, అచ్చం పెద్దసారు గొంతుతో, "ఏందమ్మా గది? చెప్తే ఇనవా? మెల్లగ వట్టు. అది మొగ్గ, బండ కాదు!" అని గద్దించింది. తల్లి బిత్తరపోయి, "అట్లనే సారూ" అంది. పెద్దమ్మ అరుగు మీద పడి పడి నవ్వింది. కంపెనీ సారు నవ్వి నవ్వి జేబులోని పెన్నులు కింద పోసుకున్నాడు. ఆ నవ్వుల మధ్యే ఆ తల్లి నాలుగో మొగ్గను చెక్కు చెదరకుండా వలిచి, కూతురికి చూపించింది.

హైదరాబాద్‌లో చల్లటి గదిలో కంపెనీ పెద్దలు నలుగురు కూర్చుని ఆ సినిమా చూశారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, అవసరమైతే పారిపోవడానికి వీలుగా. సినిమా ఆ అరుగు మీదే ముగిసింది. అందరికన్నా పెద్దావిడ కళ్లద్దాలు తీసి, "ఈ పాప ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. "బడిలో ఉందండీ, తల్లి చేనులో ఉంది" అన్నాడు మా సారు. "అయితే ఇది ఇలాగే ఉంచండి. మొదట్లో మన ఆఫీసు బిల్డింగు రెండు నిమిషాలు చూపించారే, అది తీసేయండి" అందావిడ. పెద్దమ్మ పేరు జాబితాలోనే ఉంది. ఆ పిల్ల ఆ ఏడంతా బడికి పోయిందని పెద్దసారు ఉత్తరం రాశాడు. ఆమెలాగే పని మానేసి షూటింగు కోసం వచ్చిన ఇంకో ఇద్దరు ముగ్గురు మళ్లీ చేలకే పోయారని కూడా అదే ఉత్తరంలో రాశాడు. ఆ సినిమా చూసి, బిజినేపల్లి రైతుల దగ్గర నేరుగా పల్లీలు కొనే నూనె కంపెనీ వాళ్లు, గద్వాల మగ్గాల వాళ్లకు పని ఇచ్చే చీరల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు నన్ను పిలిచారు. అప్పగింతలకు నేను అప్పగింతలు చెప్పుకున్నాను.

మొన్నామధ్య నాతో పనిచేసేవాళ్లకు ఆ పాత సినిమా వేసి చూపించాను. చివరి బొమ్మ దగ్గర కెమెరామన్ అమ్మాయి, "సార్, ఇదేంటి, భూకంపం వచ్చినట్టు ఊగుతోంది?" అంది. నిజమే, అరుగూ తల్లీ కూతురూ అందరూ ఎగిరెగిరి పడుతుంటారు. "నవ్వుతున్నానమ్మా" అన్నాను. ఇప్పుడు మా దగ్గర ఉన్నవి గుర్రం మీద కూర్చుని తీసినా కదలని కెమెరాలు. తీసేముందు ఏం తీయాలో, ఎవరు ఎక్కడ నవ్వాలో అంతా రాసుకుని మరీ బయల్దేరతాం. ఆ అరుగు ముందు నిలబడ్డ కుర్రాడికి ఇవేవీ తెలియవు. కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వుతూ, ఏమీ కనిపించకపోయినా బటన్ మీంచి వేలు మాత్రం తీయలేదు. వాణ్ని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. కొంచెం కుళ్లుగా కూడా ఉంటుంది.